ఒకే పాయింట్లు, రెండు లెక్కలు: 1888–89 ఫుట్‌బాల్ లీగ్ పట్టికను ఎలా చదవాలి

సంక్షిప్తంగా: ప్రపంచంలో తొలి ఫుట్‌బాల్ లీగ్‌గా పేరొందిన ఇంగ్లండ్ పోటీ మొదటి సీజన్‌లో నిజానికి ఒక ప్రాంతీయ పోటీ. ఆడిన 12 క్లబ్బుల్లో ఆరు వాయవ్య ఇంగ్లండ్‌లోని లాంకషైర్‌వి, ఆరు మధ్య ఇంగ్లండ్‌లోని మిడ్‌లాండ్స్‌వి. ప్రెస్టన్ నార్త్ ఎండ్ ఒక్క ఓటమీ లేకుండా గెలిచిందన్న సంగతి చాలామందికి తెలుసు. పట్టిక కింది సగం మాత్రం ఈనాటి పాఠకుణ్ణి తికమక పెడుతుంది. పాయింట్ల పద్ధతి సీజన్ మధ్యలో ఖరారు కావడం, సమానంగా నిలిచిన జట్లను గోల్ తేడాతో కాక గోల్ సగటుతో విడదీయడం అందుకు కారణాలు.

ఆఖరి రెండు వరుసల్లో ఏముంది?

ఆ సీజన్ తుది పట్టిక ఇది. అంకెలు వరుసగా గెలుపు, డ్రా, ఓటమి, చేసిన గోల్స్–ఇచ్చిన గోల్స్, పాయింట్లు.

1. ప్రెస్టన్ నార్త్ ఎండ్: 18, 4, 0, 74–15, 40
2. ఆస్టన్ విల్లా: 12, 5, 5, 61–43, 29
3. వుల్వర్‌హాంప్టన్ వాండరర్స్: 12, 4, 6, 51–37, 28
4. బ్లాక్‌బర్న్ రోవర్స్: 10, 6, 6, 66–45, 26
5. బోల్టన్ వాండరర్స్: 10, 2, 10, 63–59, 22
6. వెస్ట్ బ్రామిచ్ ఆల్బియన్: 10, 2, 10, 40–46, 22
7. అక్రింగ్టన్: 6, 8, 8, 48–48, 20
8. ఎవర్టన్: 9, 2, 11, 35–47, 20
9. బర్న్‌లీ: 7, 3, 12, 42–62, 17
10. డెర్బీ కౌంటీ: 7, 2, 13, 41–61, 16
11. నాట్స్ కౌంటీ: 5, 2, 15, 40–73, 12
12. స్టోక్: 4, 4, 14; 26–51; 12

చివరి రెండు జట్లకూ 12 పాయింట్లే. ఈనాటి లెక్కన చేసిన గోల్స్ నుంచి ఇచ్చినవి తీసేస్తే స్టోక్‌కు మైనస్ 25, నాట్స్ కౌంటీకి మైనస్ 33 వస్తుంది. అంటే స్టోక్ పైన ఉండాలి. కానీ పట్టికలో అట్టడుగున ఉన్నది స్టోకే. చాలామంది దీన్ని అచ్చుతప్పు అనుకుంటారు. అచ్చుతప్పేమీ లేదు.

అప్పట్లో తీసివేత కాదు, భాగహారం చేసేవారు. చేసిన గోల్స్‌ను ఇచ్చిన గోల్స్‌తో భాగిస్తే వచ్చేది గోల్ సగటు. నాట్స్ కౌంటీకి 40ని 73తో భాగిస్తే 0.548, స్టోక్‌కు 26ను 51తో భాగిస్తే 0.510. అందుకే నాట్స్ కౌంటీ పైన నిలిచింది. ఐపీఎల్ చూసేవారికి అలవాటైన నెట్ రన్‌రేట్ తీసివేత పద్ధతి, కాబట్టి ఆ అలవాటుతో ఈ పట్టిక చదివితే పొరపాటు తప్పదు.

ఈ భాగహారం అందరి విషయంలో ఒకేలా పనిచేయదు, చిక్కంతా అక్కడే. ప్రెస్టన్ సగటు 4.93. ఆ జట్టు ఇంకొక్క గోల్ ఇచ్చి ఉంటే, పాత సగటుకు చేరడానికి ఇంకో ఐదు గోల్స్ కొట్టాల్సి వచ్చేది. అడుగున ఉన్న జట్ల సంగతి తలకిందులు. అక్కడ ఒక గోల్ ఇస్తే పోయేది సుమారు సగం గోల్ విలువే. నాట్స్ కౌంటీ స్టోక్ కంటే 22 గోల్స్ ఎక్కువ ఇచ్చింది. దాని సగటు ప్రకారం ఆ 22 గోల్స్ నష్టాన్ని పూడ్చడానికి 12 గోల్స్ కొడితే సరిపోతుంది. అది స్టోక్ కంటే 14 ఎక్కువ కొట్టింది. స్టోక్ తాను ఓడిన 14 మ్యాచ్‌లలో ఎక్కడైనా ఇంకో రెండు గోల్స్ కొట్టి ఉంటే, ఫలితం ఒక్కటీ మారకుండానే 28ని 51తో భాగించగా 0.549 వచ్చి 11వ స్థానంలో ఉండేది. గట్టిగా రక్షణ చేసే బలహీన జట్టుకు ఈ పద్ధతి అన్యాయమే చేసింది. అయినా ఇంగ్లండ్ దీన్ని 1975–76 సీజన్ దాకా వదల్లేదు. 1976–77 నుంచే గోల్ తేడా అమల్లోకి వచ్చింది.

లీగ్ అవసరం ఎందుకు వచ్చింది?

ఆటగాళ్ళకు జీతం ఇవ్వడాన్ని ఇంగ్లండ్‌లో ఆటను నడిపే ఫుట్‌బాల్ అసోసియేషన్ (ఎఫ్‌ఏ) 1885 జులైలో అనుమతించింది. అంతకుముందు ఏడాది, డబ్బిచ్చి ఆడిస్తోందన్న ఫిర్యాదుపై ప్రెస్టన్‌ను ఎఫ్‌ఏ కప్ నుంచి తప్పించారు. చాటుగా ఇచ్చేది చట్టబద్ధం అయ్యాక క్లబ్బులకు కొత్త బరువు పడింది. జీతం వారంవారం ఇవ్వాలి, గేటు దగ్గర వచ్చే డబ్బు మాత్రం వారంవారం వస్తుందన్న నమ్మకం లేదు.

అప్పటి క్లబ్ క్యాలెండర్‌లో ముందు ఎఫ్‌ఏ కప్, స్థానిక కప్పులు ఉండేవి. మిగిలిన శనివారాలను స్నేహపూర్వక మ్యాచ్‌లతో నింపేవారు. ఏదో కప్ మ్యాచ్ డ్రా అయి మళ్ళీ ఆడాల్సి వస్తే ఆ వారం ఒప్పుకున్న స్నేహపూర్వక మ్యాచ్ రద్దయ్యేది. కప్ నుంచి తొందరగా ఓడిపోయిన క్లబ్‌కు ఖాళీ శనివారాలు మిగిలేవి. వచ్చే జట్టు అసలు ఆటగాళ్ళను తెస్తుందో రిజర్వులను పంపుతుందో మైదానం చేరేదాకా తెలిసేది కాదు. కప్ మ్యాచ్‌లంటే ఆసక్తికరంగా ఉంటాయనీ లేదు. 1887 అక్టోబర్‌లో ప్రెస్టన్ హైడ్ జట్టును 26–0తో ఓడించింది. అలాంటి ఆటకు జనం రెండోసారి టికెట్ కొనరు.

ఆస్టన్ విల్లా పాలకవర్గంలోని విలియం మెక్‌గ్రెగర్ బర్మింగ్‌హామ్‌లో బట్టల వ్యాపారం చేసే స్కాట్లాండ్ మనిషి. పది పన్నెండు ప్రధాన క్లబ్బులు ఏటా ఒకదానితో ఒకటి సొంత మైదానంలో ఒకసారి, ఎదుటివారి మైదానంలో ఒకసారి తప్పనిసరిగా ఆడాలన్నది ఆయన ప్రతిపాదన. 1888 మార్చి 2న దాన్ని ఉత్తరాల రూపంలో పంపారు. కౌంటీ క్రికెట్ ఫిక్చర్ల (ముందే ఖరారైన మ్యాచ్‌ల) తీరు అప్పటికే కళ్ళ ముందున్న నమూనా. మార్చి 23న లండన్ ఫ్లీట్ స్ట్రీట్‌లోని ఆండర్టన్ హోటల్‌లో మొదటి సమావేశం, ఏప్రిల్ 17న మాంచెస్టర్ రాయల్ హోటల్‌లో లాంఛనంగా స్థాపన జరిగాయి. తొలి సమావేశం లండన్‌లో పెట్టింది మర్నాడు అక్కడ ఎఫ్‌ఏ కప్ ఫైనల్ ఉండడం వల్ల. లీగ్‌లో మాత్రం లండన్ క్లబ్ ఒక్కటీ లేదు.

22 శనివారాల లెక్క

పేరులో ప్రాంతం లేకపోయినా పోటీ ప్రాంతీయంగానే మొదలైంది. దక్షిణాది క్లబ్బులు అప్పటికింకా ఔత్సాహిక పద్ధతినే అంటిపెట్టుకుని ఉండడం ఒక కారణం. రెండోది పని వేళలు. జౌళి మిల్లుల్లో ఆడవాళ్ళు, పిల్లలు శనివారం మధ్యాహ్నం 2 తర్వాత పనిచేయకూడదని 1850 ఫ్యాక్టరీ చట్టం చెప్పింది. వాళ్ళు లేకపోతే మిల్లు నడవదు కాబట్టి మగవాళ్ళకూ పూట సెలవు దొరికింది. మిల్లు పట్టణాల జనం మూడింటికల్లా మైదానం చేరగలిగారంటే అందువల్లే.

మూడో కారణం రైలు. ఉదయం బయల్దేరి, మధ్యాహ్నం ఆడి, రాత్రికి ఇల్లు చేరగలిగే దూరంలోనే ప్రత్యర్థులు ఉండాలి. ప్రెస్టన్ నుంచి బర్న్‌లీకి ఇంచుమించు విజయవాడ–గుంటూరు అంత దూరం. ప్రెస్టన్ నుంచి బర్మింగ్‌హామ్‌కు విజయవాడ–రాజమండ్రి అంత. ఈ పరిధిలో కూడా రైళ్ళు ఇబ్బంది పెట్టాయి. తొలి రోజు, సెప్టెంబర్ 8న, డెర్బీ జట్టు బోల్టన్‌కు ఆలస్యంగా చేరడంతో ఆట 3.45కు మొదలైంది. అయినా 3.47కు బోల్టన్ ఆటగాడు కెన్నీ డావెన్‌పోర్ట్ కొట్టినదే లీగ్ చరిత్రలో మొదటి గోల్ అని ఇటీవలి పరిశోధన తేల్చింది. ఆలస్యంగా మొదలైన మ్యాచ్‌లో ముందు గోల్ ఎలా పడిందన్న సందేహం సహజం. మ్యాచ్‌లన్నీ ఒకే వేళకు మొదలవలేదు, ముందు మొదలైన వాటిలో అప్పటికి ఇంకా గోల్ పడలేదు, అంతే. చాలాకాలం ఈ ఘనతను విల్లా డిఫెండర్ గెర్షమ్ కాక్స్ వుల్వ్స్ (వుల్వర్‌హాంప్టన్ వాండరర్స్)పై పొరపాటున వేసుకున్న సొంత గోల్‌కు కట్టబెట్టారు. ఇంతా చేసి డావెన్‌పోర్ట్ జట్టు 3–6తో ఓడింది.

అక్టోబర్ 6న స్టోక్ పరిస్థితి ఇంకా దారుణం. ఇద్దరు ఆటగాళ్ళు రైలు అందుకోలేకపోవడంతో తొమ్మిది మందితో ప్రెస్టన్ చేరింది. ఎదుటి జట్టు నుంచే ఇద్దరు రిజర్వులను అరువు తెచ్చుకుని ఆడి 0–7తో ఓడింది. స్టోక్ సీజన్ మొత్తంలో ఇచ్చిన 51 గోల్స్‌లో ఏడు ఈ ఒక్క మ్యాచ్‌వే.

ఇక క్లబ్బులు 12 మందే ఎందుకు? కప్ పోటీలకు పోగా లీగ్‌కు దొరికిన తేదీలు 22. ప్రతి జట్టూ మిగతా అన్నిటితో రెండేసి సార్లు ఆడాలంటే 12 జట్లకు సరిగ్గా 22 మ్యాచ్‌లు. ఇంకొక క్లబ్‌ను చేర్చుకుంటే ప్రతి జట్టుకూ రెండు తేదీలు ఎక్కువ కావాలి. అందుకే నాటింగ్‌హామ్ ఫారెస్ట్, షెఫీల్డ్‌కు చెందిన వెడ్నస్‌డే, బోల్టన్ పక్కనే ఉన్న హాలీవెల్ లాంటి క్లబ్బులు అడిగినా చోటు దక్కలేదు. ఆట నాణ్యత చూసి గీసిన గీత కాదది, క్యాలెండర్ గీసిన గీత.

డబ్బు విషయంలో ఏర్పాటు సాదాగా ఉంది. గేటు వసూలు సొంత మైదానం వాళ్ళదే, వచ్చిన జట్టుకు 12 పౌండ్లు హామీ. ఎక్కువ జనం వచ్చే ఊరి క్లబ్‌కు ఇది లాభసాటి. అక్రింగ్టన్ లాంటి చిన్న మిల్లు పట్టణానికి మాత్రం పెద్ద ఊళ్ళకు వెళ్ళి వేల మంది ముందు ఆడినా వచ్చేది ఆ పన్నెండే. అక్రింగ్టన్ 1893లో లీగ్ వదిలి వెళ్ళిపోయింది.

పాయింట్లు మధ్యలో వచ్చాయి

ఈ సీజన్‌లో అన్నిటికంటే వింతైన సంగతి ఇది. సెప్టెంబర్‌లో ఆట మొదలైనప్పుడు స్థానాలను ఎలా లెక్కించాలో ఖరారు కాలేదు. గెలుపుకు 2, డ్రాకు 1 అన్న పద్ధతి నవంబర్‌లో తేలింది. నవంబర్ 17 నాటికి ప్రెస్టన్ అప్పటికే 12 మ్యాచ్‌లు ఆడి, పది గెలిచి, రెండు డ్రా చేసుకుంది. చర్చకు వచ్చిన మరో పద్ధతి గెలుపులను మాత్రమే లెక్కించి డ్రాకు ఏమీ ఇవ్వకపోవడం.

ఆ రెండో పద్ధతి నెగ్గి ఉంటే? ప్రెస్టన్ స్థానం ఏ పద్ధతిలోనూ కదలదు. తేడా అంతా మధ్యలో, కింద. 132 మ్యాచ్‌లలో 22 డ్రా అయ్యాయి, అంటే ఆరింటికి ఒకటి. ఈ డ్రాలు అందరికీ సమానంగా పంచినట్టు లేవు. అక్రింగ్టన్ ఒక్కటే ఎనిమిది డ్రా చేసుకుంది. గెలిచినవి ఆరు. గెలుపులే కొలమానం అయితే ఏడో స్థానం నుంచి పదో స్థానానికి పడేది. ఎవర్టన్ ఏడుకు, బర్న్‌లీ ఎనిమిదికి ఎగబాకేవి.

ఇది కేవలం వరుస మార్పు కాదు. నిబంధన ప్రకారం చివరి నలుగురూ లీగ్ నుంచి తప్పుకుని, తిరిగి చేర్చుకోమని మిగతా క్లబ్బుల ఓటు అడగాలి. అసలు పట్టికలో ఆ నలుగురు బర్న్‌లీ, డెర్బీ, నాట్స్ కౌంటీ, స్టోక్. గెలుపుల లెక్కన బర్న్‌లీ బయటపడి అక్రింగ్టన్ ఆ గుంపులో చేరేది. బర్న్‌లీ, డెర్బీ ఏడేసి గెలుపులతో సమానం. గోల్ తేడా కూడా ఇద్దరికీ మైనస్ 20. గోల్ సగటు మాత్రం బర్న్‌లీకి 0.677, డెర్బీకి 0.672. వెయ్యిలో ఐదు వంతుల తేడాతో ఒక క్లబ్ ఓట్ల పరీక్ష తప్పించుకునేదన్నమాట.

గెలుపుకు 3 పాయింట్లిచ్చే నేటి పద్ధతి పెట్టి చూస్తే ఎవర్టన్‌కు 29, అక్రింగ్టన్‌కు 26 వస్తాయి, వాటి స్థానాలు తారుమారవుతాయి. నాట్స్ కౌంటీకి 17, స్టోక్‌కు 16 కాబట్టి గోల్ సగటు ప్రసక్తే రాదు. డ్రాకు గెలుపులో సగం విలువ ఇవ్వాలా, మూడో వంతా, అసలు ఇవ్వకూడదా అన్న ప్రశ్న 1888 నవంబర్‌లో పుట్టింది. ఇంగ్లండ్‌లో దానికి సమాధానం మళ్ళీ మారింది 1981–82లో. అన్ని పద్ధతులూ పక్కపక్కన పెట్టి చూస్తే, నెమ్మదిగా నిలదొక్కుకునే చిన్న క్లబ్‌కు 2–1 పద్ధతే ఎక్కువ మేలు చేసిందని అక్రింగ్టన్ ఉదాహరణ చెబుతోంది.

ప్రెస్టన్ ఎందుకంత ముందుంది?

జనవరి 5న నాట్స్ కౌంటీని 4–1తో ఓడించేసరికి ప్రెస్టన్‌కు 19 మ్యాచ్‌లలో 35 పాయింట్లు. మూడు మ్యాచ్‌లు మిగిలి ఉండగానే టైటిల్ ఖాయమైంది. మార్చి 30న ఓవల్ మైదానంలో వుల్వ్స్‌ను 3–0తో ఓడించి ఎఫ్‌ఏ కప్ కూడా గెలిచింది. ఆ కప్‌లో ఆడిన ఐదు మ్యాచ్‌లలో ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు.

దీని వెనుక ఉన్న మనిషి విలియం సుడెల్, ప్రెస్టన్‌లో నూలు మిల్లు మేనేజర్. స్కాట్లాండ్ ఆటగాళ్ళు బంతిని ఒకరికొకరు అందిస్తూ ముందుకు వెళ్ళేవారు. ఇంగ్లండ్‌లో అప్పటికింకా బంతి దొరికినవాడు ఒంటరిగా దూసుకుపోయే అలవాటు బలంగా ఉండేది. సుడెల్ ఆ అందించే ఆట తెలిసిన వాళ్ళను లాంకషైర్‌కు రప్పించి, జీతాలిచ్చి, ఏళ్ళ తరబడి కలిపి ఆడించారు. లీగ్ మొదలయ్యేనాటికే జట్టు తయారై ఉంది. మిగతా క్లబ్బులు అదే దారిలో తర్వాత నడిచాయి. ఆ సీజన్ అత్యధిక గోల్స్ వీరుడు జాన్ గుడాల్ కూడా స్కాట్లాండ్ తల్లిదండ్రుల బిడ్డే.

అజేయ సీజన్ అనగానే 2003–04 ఆర్సెనల్ గుర్తుకొస్తుంది. ఆర్సెనల్ 38 మ్యాచ్‌లలో 26 గెలిచి 12 డ్రా చేసుకుంది. అంటే గెలుపు 68 శాతం, ప్రెస్టన్‌ది 82 శాతం. అయితే ప్రెస్టన్ ఓటమికి దూరంగా ఉండాల్సింది 22 సార్లే, అదీ పరస్పర బలాబలాలు బాగా తేడాగా ఉన్న 12 జట్ల మధ్య. శాతాలు పోల్చేటప్పుడు ఈ రెండూ మరచిపోకూడదు. 1889–90లోనూ ప్రెస్టనే గెలిచింది. తర్వాత వరుసగా మూడేళ్ళు రెండో స్థానం, ఆపై మళ్ళీ ఎన్నడూ టైటిల్ లేదు. మిల్లు డబ్బు దారి మళ్ళించిన నేరానికి సుడెల్ 1895లో జైలుకు వెళ్ళారు.

గోల్స్ సంఖ్యను కాస్త జాగ్రత్తగా చూడాలి

132 మ్యాచ్‌లలో సుమారు 587 గోల్స్, మ్యాచ్‌కు 4.4కు పైన. ‘సుమారు’ అనడానికి కారణం ఉంది. కొన్ని పట్టికల్లో వుల్వ్స్ గోల్స్ 50, ఎవర్టన్ ఇచ్చినవి 46 అని ఉంటుంది. మరికొన్నింటిలో 51, 47. ఆ ఒక్క గోల్ అటూ ఇటూ అయినా స్థానాలేవీ మారవు. గోల్‌స్తంభాలకు అప్పటికి వలలు లేవు. బంతి స్తంభం లోపలి నుంచి వెళ్ళిందా పక్క నుంచా అన్నది చూసినవారి మాట మీద తేలాలి. జట్టుకొక అంపైర్ చొప్పున ఇద్దరు మైదానంలో ఉండేవారు, వాళ్ళు ఏకీభవించకపోతే రెఫరీని అడిగేవారు. గోల్‌గీత దగ్గర డిఫెండర్ కావాలని చేత్తో ఆపినా ఫ్రీకిక్‌తో సరి, పెనాల్టీ కిక్ అన్నది లేదు. వలలు, పెనాల్టీ, మైదానంలో రెఫరీదే తుది మాట అన్న ఏర్పాటు, మూడూ 1891లోనే వచ్చాయి.

పట్టిక లేని పోటీ ఏమైంది?

ఇదే సీజన్‌లో, లీగ్‌లో చోటు దక్కని 20 క్లబ్బులు ఫుట్‌బాల్ కాంబినేషన్ పేరుతో ఇంకో పోటీ పెట్టుకున్నాయి. తర్వాత మాంచెస్టర్ యునైటెడ్‌గా మారిన న్యూటన్ హీత్ కూడా అందులో ఉంది. ఒక్కో క్లబ్ ఎనిమిది ప్రత్యర్థులను తానే ఎంచుకోవచ్చు. ఫిక్చర్లు వేసే కేంద్రం లేదు, ఒకరి ఫలితాన్ని ఇంకొకరి ఫలితంతో పోల్చే వీలూ లేదు. 1889 ఏప్రిల్‌లో సీజన్ ముగియకముందే అది మూతపడింది. ఆటగాళ్ళ కొరత వల్ల కాదు. మ్యాచ్ రద్దయితే ఎవరికీ నష్టం కలగని ఏర్పాటు అది. లీగ్‌లో మాత్రం ఆడని మ్యాచ్ పట్టికలో ఖాళీగా కనబడుతుంది, కాబట్టి ఎవరూ ఎగ్గొట్టలేరు.

లీగ్ అడుగున ఉన్న నలుగురినీ మిగతా క్లబ్బులు 1889లో తిరిగి చేర్చుకున్నాయి. మరుసటి ఏడాది స్టోక్ మళ్ళీ ఆఖరున నిలిచినప్పుడు ఆ దయ దొరకలేదు. దాని చోటు ఈశాన్య తీరంలోని సండర్‌ల్యాండ్‌కు వెళ్ళింది. అంత దూరం రావడానికి మిగతావాళ్ళు జంకితే, వచ్చే జట్ల ప్రయాణ ఖర్చు తానే పెట్టుకుంటానని సండర్‌ల్యాండ్ ఒప్పుకుంది. రైలు టికెట్ ధర చెల్లించి మరీ ప్రాంతం సరిహద్దును జరిపిన మొదటి క్లబ్ అది. స్టోక్ ఫుట్‌బాల్ అలయన్స్ అనే ఇంకో పోటీకి వెళ్ళి, 1890–91లో అక్కడ విజేతగా నిలిచి, ఆ వెంటనే లీగ్‌కు తిరిగొచ్చింది. ఈసారి ఎవరినీ తప్పించాల్సిన పని పడలేదు. 1891లో లీగ్ 14 క్లబ్బులకు పెరిగింది, 22 తేదీల క్యాలెండర్ 26కు సాగింది.